పల్లపు చేలో సిల్క్ ఐటమ్: ఒక స్టేజీ రిగ్గింగ్ కేసు

నేను స్టేజీ రిగ్గింగ్, అంటే పైన వేలాడే వాటిని కట్టి నిలబెట్టే పని చూస్తాను. ఆర్టిస్టు గాల్లో వేలాడే గుడ్డ (దాన్నే సిల్క్ అంటాం), దాన్ని పట్టుకునే హుక్కు, హుక్కుని మోసే దూలం, దూలాన్ని ఎత్తి పట్టే గడలు, గడల్ని నాలుగు పక్కలా లాగి పట్టే వైరు తాళ్లు, ఆ తాళ్లు కట్టిన మేకులు, ఆ మేకులు దిగిన నేల. ఇవన్నీ నా బాధ్యతే. 16 ఏళ్లుగా ఈ పనిలో ఉండి కూడా, వీటిలో చివరిదైన నేలని సరిగ్గా పట్టించుకోలేదని నాకు తెలిసొచ్చిన కేసు ఇది. ఎవరికీ దెబ్బ తగల్లేదు. తగలకపోవడానికి కారణం సిల్క్ ఆర్టిస్టు సమయానికి నోరు తెరిచి చెప్పడం. ఈ పని నేర్చుకుంటున్న కుర్రాళ్లకి ఉపయోగపడుతుందని వివరంగా రాస్తున్నాను. ట్రూపు పేరు, ఊరి పేరు, మనుషుల పేర్లు రాయను. కోనసీమలో, అమలాపురానికీ రాజోలుకీ మధ్య ఒక ఊరు అనుకోండి, చాలు.

నేపథ్యం

మా వెరైటీ షో ట్రూపులో మొత్తం 19 మందిమి. ఒక యాంకరు, ఇద్దరు గాయకులు, ఆరుగురు డాన్సర్లు, ఒక మెజీషియన్, సర్కస్ నుంచి వచ్చిన ఐదుగురు, సామాను చూసే నలుగురం. సర్కస్ ఐదుగురిలో ఒకాయన రోలా బోలా చేస్తాడు. అంటే పైపు మీద చెక్క పెట్టి, దాని మీద నిలబడి బ్యాలెన్స్ చేయడం. ఒకతను ఒంటి చక్రం సైకిలు మీద బంతులు ఎగరేస్తాడు. ఒక భార్యాభర్తల జంట చేతుల మీద నిలబడే ఐటమ్ చేస్తారు. ఐదో ఆర్టిస్టు సిల్క్ అమ్మాయి. పైనుంచి వేలాడే రెండు పొడవాటి గుడ్డల్ని కాళ్లకీ నడుముకీ చుట్టుకుని, పైకెక్కి, ఒక్కసారిగా చుట్లు వదులుకుంటూ కిందికి జారి, నేలకి ఐదారు అడుగుల ఎత్తులో ఆగుతుంది. జనం ఊపిరి బిగబట్టి చూసేది ఆ ఐటమే.

ఇలాంటి ఆర్టిస్టులు వెరైటీ షోల్లోకి ఎందుకు వచ్చారో కొంచెం చెప్పాలి. పులి, సింహం, చిరుత, ఎలుగుబంటి, కోతి, వీటిని ఆడించకూడదని 1998లో కేంద్రం నోటిఫికేషన్ ఇచ్చింది. 2001లో సుప్రీంకోర్టు దాన్ని సమర్థించింది. 2011లో పిల్లల్ని సర్కస్‌లో పెట్టకూడదని అదే కోర్టు చెప్పింది. రెండూ న్యాయమైనవే. కానీ పెద్ద డేరాలు తగ్గిపోయాక అందులో పెరిగిన పెద్దవాళ్లు తమకొచ్చిన విద్యతో ఎక్కడో ఒకచోట బతకాలి కదా. చిన్న ట్రూపుల్లోకి వచ్చారు. ఇక్కడే మా రిగ్గర్లకి కష్టం మొదలవుతుంది. సర్కస్ కంపెనీ ఒక ఊళ్లో దిగితే వారాల తరబడి ఉంటుంది. గుంజలు దింపడానికీ, నేల చూసుకోవడానికీ రోజులు తీసుకుంటుంది. మాకు పొద్దున్న లారీ దిగితే సాయంత్రానికి షో నిలబడాలి.

మా గడల ఏర్పాటుని మేం గేటు అంటాం. 22 అడుగుల ఎత్తున్న రెండు ఇనప ట్రస్ గడలు, వాటి మీద 20 అడుగుల అడ్డ దూలం. దూలం మధ్యలో సిల్క్ వేలాడుతుంది. నాలుగు మూలలకీ నాలుగు వైరు తాళ్లు. ఒక్కో తాడు చివర 3 అడుగుల ఇనప మేకు, బిగించడానికి టర్న్ బకిల్. ఈ కేసుకి ముందు మేం జంగారెడ్డిగూడెం వైపు మెట్ట ఊళ్లలో తొమ్మిది షోలు చేశాం. అక్కడ ఎర్రమట్టి, రాయి కలిసిన నేల. సమ్మెటతో మేకు దింపడానికే ఇద్దరు మనుషులు చెమటలు కక్కాలి. దిగిందంటే మాత్రం కదలదు. తొమ్మిది షోల్లో ఒక్కసారి కూడా టర్న్ బకిల్‌ని మళ్లీ తిప్పాల్సిన పని రాలేదు. ఆ ధీమాతోనే కోనసీమలో దిగాం.

మాఘమాసం, అంతర్వేది తీర్థం రోజులు. ఆ వైపు ఊళ్లన్నీ కళకళలాడుతుంటాయి. ఈ ఊరి కమిటీ మూడు రాత్రులకి మాట్లాడుకుంది.

బ్యానరు సంగతి

ఈ కేసులో బ్యానరుకి పెద్ద పాత్ర ఉంది కాబట్టి దాని కథ ముందే చెబుతాను. మా ట్రూపు యజమాని షోకి పెట్టుకున్న పేరులో కేబరే అనే మాట ఉంది. ఆయన దృష్టిలో ఆ మాటకి అర్థం వేరు. పారిస్‌లో 1881లో ల్ షా న్వార్ అనే చోట మొదలైన పద్ధతి అది: బల్లల చుట్టూ కూర్చున్న జనం, ఒక వ్యాఖ్యాత, మధ్యమధ్య పాట, పద్యం, నీడబొమ్మలాట. మన దగ్గర ఆ మాట వినగానే పాత సినిమాల్లో క్లబ్బు డాన్సే గుర్తొస్తుంది. కమిటీ పెద్దాయన పోస్టరు చూసి ఇబ్బంది పడ్డారు. "తీర్థానికి ఆడపడుచులంతా వస్తారండి. ఈ మాట కనపడితే బాగోదు" అన్నారు. ఆయన మాటలో తప్పేం లేదు. పోస్టర్ల మీద కాగితం అంటించాం. షో పేరు మార్చి వెరైటీ షో అని కొత్త ఫ్లెక్స్ వేయిస్తామని కమిటీ వాళ్లే ముందుకొచ్చారు. 20 అడుగుల వెడల్పు, 10 అడుగుల ఎత్తున వేయించారు. దాతల ఫొటోలన్నీ పట్టాలి కదా. దాన్ని ఎక్కడ కట్టాలన్న ప్రశ్నే రాలేదు. గేటు దూలం కూడా సరిగ్గా 20 అడుగులే. ఆర్టిస్టు వెనక తెరలా బాగుంటుందని మా కుర్రాళ్లే దూలానికి కట్టేశారు. నేను చూశాను, వద్దనలేదు. మెట్ట ఊళ్లలో మా పాత బ్యానరు అందులో నాలుగో వంతు కూడా ఉండేది కాదు.

మొదటి సాయంత్రం

స్థలం ఒక వరి చేను. సార్వా (తొలకరి పంట) కోశాక రైతు ఈ తీర్థం కోసమే దాళ్వా (రెండో పంట) వేయకుండా ఉంచాడు. చుట్టూ మిగతా చేలన్నీ దాళ్వా ఊడ్పులయ్యి పచ్చగా ఉన్నాయి. తూర్పు పక్కన చేనుని ఆనుకుని నీళ్ల బోదె, అంటే చిన్న పంట కాలవ. పొద్దున్న 10 గంటలకి నేల ఎండి, నెర్రెలిచ్చి గట్టిగా కనపడింది. మొదటి అడుగు దింపడానికి మేకుని గట్టిగానే కొట్టాల్సొచ్చింది. ఆ తర్వాత రెండు అడుగులు చాలా తేలిగ్గా దిగిపోయింది. ఇప్పుడు ఆలోచిస్తే, జబ్బు ఏమిటో నేల ఆ క్షణమే నాకు చెప్పింది. నేనేమో పని తొందరగా అవుతోందని సంతోషించాను.

సాయంత్రం 5 గంటలకి రిహార్సల్. అమ్మాయి పైకెక్కి మొదటి జారుడు బాగానే చేసింది. రెండోసారి ఊపు అందుకుని ముందుకీ వెనక్కీ ఊగుతూ తిరిగే భాగం మొదలుపెట్టింది. మధ్యలో ఆపేసి, చుట్లు విప్పుకుని కిందికి దిగిపోయింది.

"అన్నా, నేను ఊగితే గుడ్డ ఒక్కటే కదా ఊగాలి. ఇక్కడ పైన దూలం కూడా నాతో పాటు వస్తోంది" అంది.

కింద నిలబడ్డ మా ఎవ్వరికీ ఏమీ కనపడలేదు. దూలం రెండంగుళాలు కదిలితే కిందనుంచి తెలియదు. పైన గుడ్డకి తన బరువంతా అప్పగించిన మనిషికి ఆ రెండంగుళాలు వెంటనే తెలుస్తాయి. వెళ్లి తాళ్లు పట్టుకుని చూశాను. దక్షిణం వైపు రెండు తాళ్లూ వదులయ్యాయి. ఉత్తరం వైపువి బిగుతుగానే ఉన్నాయి.

ఇక్కడ నేను మొదటి తప్పు చేశాను. టర్న్ బకిల్స్ బిగించి, "ఇప్పుడు చూడమ్మా" అన్నాను. తాడు వదులైతే బిగించడం మాకు చేతికి అలవాటైపోయిన పని. వదులు ఎందుకైందో అడగకుండా బిగించడమంటే, జ్వరం ఎందుకొచ్చిందో చూడకుండా మాత్ర వేయడమే. గంట తిరక్కుండా అవే రెండు తాళ్లు మళ్లీ వదులయ్యాయి. అప్పుడు మేకు దగ్గర వంగి చూశాను. మేకుకీ మట్టికీ మధ్య చిటికెన వేలు పట్టేంత సందు. ఆ సందులో నీళ్లు.

అప్పటికి 6 దాటింది. 7కి షో. మైకుకి రాత్రి 10 వరకే అనుమతి. శబ్ద నియంత్రణ రూల్స్ 2000లో వచ్చిన దగ్గర్నుంచీ ఆ గడువు అందరికీ తెలిసిందే. మేనేజరు మీద టెన్షన్ చాలా ఉంది. "మాస్టారూ, ఊగే భాగం తీసేసి జారుడు ఒక్కటీ చేయిద్దాం. జారుడు నిలువు బరువే కదా" అన్నాడు. ఆ వాదనలో కొంత నిజం ఉంది. నిలువు బరువు గడల మీద పడుతుంది, తాళ్ల మీద పెద్దగా పడదు. కానీ గడలు కూడా ఆ నేల మీదే నిలబడ్డాయి. ఆ నేల గురించి నాకు తెలియనిది ఏదో ఉందని తేలిపోయింది. ఆ అమ్మాయి బరువు 54 కేజీలు. జారి ఒక్కసారిగా ఆగినప్పుడు పైన హుక్కు మీద పడే గుంజుడు ఒంటి బరువుకి ఐదు రెట్ల దాకా పోతుంది. అంటే 270 కేజీలు, ఒక్క క్షణంలో. కింద పరిచే 8 అంగుళాల పరుపు చిన్న పొరపాటుకి పనికొస్తుంది. గేటే ఒరిగితే పరుపు ఏం చేయగలదు?

ఆ రాత్రికి ఐటమ్ ఆపేశాం. నిర్ణయం నాది. అమ్మాయిని కూడా అడిగాను, ఎక్కనంది. మేమిద్దరం ఒకే మాట మీద ఉండబట్టి మేనేజరు ఒత్తిడి చేయలేకపోయాడు. చేతుల బ్యాలెన్స్ జంట, రోలా బోలా ఆయన తమ ఐటమ్స్ పొడిగించారు. జనంలో కొందరు అరిచారు. పోస్టరు మీద సిల్క్ అమ్మాయి బొమ్మే పెద్దది మరి. యాంకరు దాచకుండా, "నేల మెత్తబడింది, మా అమ్మాయిని రేపు భద్రంగా చూపిస్తాం" అని మైకులో చెప్పాడు. ఆ తర్వాత అరుపులు తగ్గాయి. ఈ ప్రాంతం వాళ్లకి నేల మెత్తబడడం గురించి విడమరిచి చెప్పక్కర్లేదు.

కారణం వెతకడం

షో అయ్యాక చేను రైతు వచ్చాడు. నేను మేకుల దగ్గర టార్చిలైటుతో కూర్చుని ఉన్నాను.

"ఆయ్, ఇది పల్లం చేనండీ. పక్క చేలకి మధ్యాహ్నం వంతు నీళ్లొచ్చాయి కదండీ. బోదె నిండితే దీంట్లోకి ఊట దిగిపోద్దండి. మీరు పొద్దున్నే నన్నడిగితే చెప్పేవోణ్ణి" అన్నాడు.

నిజమే, అడగలేదు. ఆయన ఆ చేలో పుట్టి పెరిగిన మనిషి. చేను అద్దె ఎంతని అడిగామే తప్ప, చేను ఎలాంటిదని ఎవ్వరం అడగలేదు.

ధవళేశ్వరం దిగువన గోదావరి గౌతమి, వశిష్ఠ పాయలుగా చీలుతుంది. వశిష్ఠ నుంచి వైనతేయ విడిపోతుంది. ఆ పాయల మధ్యనున్న భూమంతా నది తెచ్చిపోసిన ఒండ్రు. 1852లో ఆనకట్ట పూర్తయిన తర్వాత కాలవలు, బోదెలు ప్రతి చేనుకీ నీళ్లు చేరవేస్తున్నాయి. దాళ్వా రోజుల్లో వంతుల వారీగా నీళ్లు వదులుతారు. పైన ఎండకి గట్టిపడిన పొర ఉంటుంది. దాని కింద జిగురు మట్టి, రెండు మూడు అడుగుల లోతుకే ఊట. మెట్టలో మేకు ఎంత లోతుకి పోతే అంత గట్టి. ఇక్కడ లోతుకి పోయే కొద్దీ మెత్తన.

మర్నాడు తెల్లారేసరికి నా ముందు మూడు అనుమానాలున్నాయి. మేకులు జారుతున్నాయా? గడ పాదం దిగిపోతోందా? గాలి తోస్తోందా? మూడింటి లక్షణమూ ఒకటే, తాడు వదులవడం. విడదీయకపోతే మళ్లీ గుడ్డిగా బిగించడమే అవుతుంది. అందుకని ప్రతి మేకు పక్కనా అడుగు దూరంలో ఒక చిన్న పుల్ల గుచ్చి, మేకుకీ పుల్లకీ మధ్య దూరం కొలిచి రాసుకున్నాం. ఊళ్లో తాపీమేస్త్రి దగ్గర నీళ్ల లెవెల్ పైపు తెచ్చి రెండు గడల పాదాల మట్టం చూశాం. బోదె వైపున్న తూర్పు గడ పాదం రెండో దానికంటే అంగుళంన్నర దిగి ఉంది. ముందు రోజు పొద్దున్న రెండూ సమానంగానే పెట్టామని గట్టిగా చెప్పగలను, ఆ పని నా చేతులతోనే చేశాను.

గాలి సంగతి మధ్యాహ్నం తేలింది. సముద్రం దక్షిణం వైపు. మధ్యాహ్నం దాటాక సముద్రపు గాలి లేచింది. బ్యానరు తెరచాపలా ఉబ్బింది. ఉబ్బిన ప్రతిసారీ గేటు ఉత్తరానికి వంగడం, దక్షిణం మేకులు వెంట్రుకవాసి ముందుకి రావడం కళ్లారా చూశాం. పుల్లకీ మేకుకీ మధ్య దూరం రెండు గంటల్లో అరంగుళం మారింది. ఉత్తరం మేకుల్లో మార్పు లేదు.

కూర్చుని లెక్క వేశాను. ఆ బ్యానరు వైశాల్యం 200 చదరపు అడుగులు. గంటకి 36 కిలోమీటర్ల గాలి తగిలితే దాని మీద పడే తోపుడు 130, 140 కేజీలు. గాలి వేగం రెట్టింపైతే తోపుడు నాలుగింతలవుతుంది. అమ్మాయి ఊగేటప్పుడు దూలాన్ని అడ్డంగా లాగే బలం సుమారు ఆమె ఒంటి బరువంత, అంటే 55 కేజీలు. రెండూ కలిసి, తాళ్ల వాలుని కూడా లెక్కలోకి తీసుకుంటే, దక్షిణం వైపు ఒక్కో తాడు మీద దగ్గర దగ్గర 160 కేజీలు పడుతుంది. అందులో ఆర్టిస్టు వల్ల వచ్చేది మూడో వంతే. మిగతాదంతా ఫ్లెక్స్. ఐటమ్‌లో ఏం తగ్గించాలా అని ముందు రాత్రంతా మేం తలలు పట్టుకున్నాం. అసలు బరువు ఆ అమ్మాయిది కానే కాదు.

పనికిరానివి

ఈ భాగం కాస్త నిదానంగా చదవమని మా కుర్రాళ్లకి చెబుతాను. బయట ప్రతి షోలోనూ ఈ ఉపాయాలే చెబుతారు.

పొడుగు మేకులు. 5 అడుగుల మేకులు చేయించి తెచ్చారు. కొట్టి, లాగి చూశాం. ఎలా చూశామంటే, దగ్గర్లో చేపల ప్యాకింగ్ షెడ్డు నుంచి ఒక టన్ను తూగే వేలాడే కాటా తెచ్చుకున్నాం. మేకుకి కట్టిన వైరుని కత్తెరలా నిలబెట్టిన రెండు గడల మీదుగా పోనిచ్చాం. దాంతో తాడు వాలు నిజంగా గేటుకి ఉన్నట్టే వస్తుంది. అవతల ట్రాక్టరు నిలిపి, మధ్యలో కాటా, చైన్ పుల్లీ. పుల్లీ గొలుసు లాగుతుంటే కాటా మీద అంకె పెరుగుతుంది. వైరు తెగితే కొరడాలా కొడుతుంది కాబట్టి, వైరు పొడవుకి రెండింతల దూరంలో తప్ప ఎవర్నీ నిలబడనివ్వలేదు. గొలుసు లాగే మనిషిని వైరు దారికి పక్కగా, ట్రాక్టరు చాటున నిలబెట్టాం. 3 అడుగుల మేకు 90 కేజీలకే ఊడొచ్చింది. 5 అడుగులది 120కి. రెండడుగులు ఎక్కువ దింపితే 30 కేజీలే పెరిగింది. ఆ రెండడుగులూ ఊటలో ఉన్నాయి మరి.

మూడు మేకులు వరసగా కొట్టి ఒకదానికొకటి గొలుసు కట్టడం. మెట్టలో ఇది గొప్పగా పట్టుతుంది. ఇక్కడ 190 దాకా వెళ్లింది. అందరూ హమ్మయ్య అన్నారు. నేను గొలుసు అలాగే ఉంచి ఐదు నిమిషాలు ఆగమన్నాను. మూడో నిమిషానికి కాటా 150 చూపించింది. ఎవరూ ముట్టుకోలేదు, మట్టే నెమ్మదిగా జరుగుతోంది. తడి జిగురు మట్టి ఒక్క గుంజుడికి ఆగుతుంది, అదే పనిగా లాగుతుంటే లొంగిపోతుంది. షో మూడు గంటలు. ఒక్క క్షణం పట్టుకుందని నమ్మితే మోసపోతాం.

ఇసుక బస్తాలు. 50 కేజీల బస్తాలు ఎనిమిది పేర్చి వాటికి తాడు కడదామన్నారు. బరువు 400 కదా అని వాదన. కానీ తాడు బస్తాల్ని పైకీ లాగుతుంది, పక్కకీ లాగుతుంది. పైకి లాగిన మేరకు నేల మీద వాటి బరువు తగ్గిపోతుంది. మిగిలిన బరువుకి తడి నేల మీద రాపిడి ఎంత ఉంటుంది? మంచు పడ్డాక ఇంకా తక్కువ. 110కే జారాయి.

కొబ్బరి చెట్టు. గట్టు మీద బారుగా ఉన్నాయి, అందరి కళ్లూ వాటి మీదే. నేను ప్రయత్నం కూడా చేయనివ్వలేదు. అదే గాలికి చెట్టు కూడా ఊగుతుంది. ఊగే చెట్టుకి కట్టిన తాడు ఒక క్షణం బిగుసుకుని, మరు క్షణం వదులవుతుంది. అమ్మాయి పైన ఉన్నప్పుడు అది చాలా ప్రమాదం. ట్రాక్టరుకి కట్టడం కూడా వద్దన్నాను. దాని తాళం ఒకరి జేబులో ఉంటుంది. రాత్రి జనంలో ఎవరో దారి అడిగితే పాపం డ్రైవరు ముందుకు తీస్తాడు. కాటా పరీక్షకి వాడామంటే మేమంతా చుట్టూ ఉన్నాం కాబట్టి.

ఫ్లెక్స్‌కి అక్కడక్కడా కన్నాలు పెట్టడం. కమిటీ కుర్రాళ్లు బ్లేడుతో తయారయ్యారు. చిన్న చిన్న కన్నాలతో గాలి తోపుడు పెద్దగా తగ్గదు. తగ్గాలంటే బ్యానరులో సగం కోసేయాలి.

పనికొచ్చినవి

రెండో రోజు సాయంత్రానికి ఇవేవీ తేలలేదు. అందుకే ఆ రాత్రి గేటు వాడలేదు. నాలుగు కాళ్ల మీద దానంతటది నిలబడే చిన్న స్టాండు మా దగ్గర ఉంది. దాని కాళ్ల కింద తాటి పట్టెలు వేసి, 8 అడుగుల ఎత్తులో ఇనప రింగు వేలాడదీశాం. అమ్మాయి దాని మీద ఊగకుండా నెమ్మదిగా చేసే ఐటమ్ చేసింది. తనే కుదించుకుంది, తనే పాట మార్చుకుంది. ఎత్తు తక్కువైనా ముందు వరసల్లో ఆడవాళ్లు బాగా ఇష్టపడ్డారని యాంకరు చెప్పాడు. ముఖం దగ్గరగా కనపడింది కదా.

మూడో రోజు పొద్దున్న పంటు (మనుషుల్నీ బళ్లనీ నది దాటించే పెద్ద పడవ) మీద పనిచేసిన ఒక పెద్దాయన్ని రైతు వెంటబెట్టుకొచ్చాడు. ఆయన మేకులు చూసి తల అడ్డంగా ఊపాడు. "బురదలో నిలువుగా పెడితే దేన్నయినా లాగేయొచ్చు బాబూ. అడ్డంగా పడుకోబెట్టు. మేం రేవులో పంటు తాడుకి దుంగ పూడ్చేవాళ్లం" అన్నాడు.

పూడ్చిన దుంగ నాకు పుస్తకంలో తెలుసు. వాడిన సందర్భం లేదు. లెక్క చూస్తే ఆయన మాటే సరైనది. నిలువు మేకు కత్తిలాంటిది, మట్టిని చీల్చుకుని వచ్చేస్తుంది. 6 అడుగుల తాటి దుంగ అడ్డంగా పడుకుంటే, అది కదలాలంటే ఆరడుగుల వెడల్పున మట్టిని తన ముందు తోసుకుంటూ, పైనున్న మట్టిని ఎత్తుకుంటూ రావాలి. మట్టి మెత్తనైనప్పుడు మనకి కావలసింది లోతు కంటే వెడల్పు.

స్థలం కూడా మార్చాం. బోదెకి దూరంగా పడమటి పక్కన, పాత కళ్లం ఉన్న మెరక. చేను కంటే అడుగున్నర ఎత్తు, ఏళ్ల తరబడి బళ్లు తిరిగి గట్టిపడిన నేల. మొదటి రోజు రైతుని అడిగి ఉంటే అక్కడే వేసేవాళ్లం. అక్కడ నాలుగు మూలలా 3 అడుగుల లోతు గోతులు తీశాం. గేటు వైపున్న గోడని చెక్కు చెదరకుండా నిలువుగా ఉంచాలి. దుంగ ఆనేది ఆ తవ్వని మట్టికే. వైరు పైకి రావడానికి సన్నని గాడి మాత్రం ఏటవాలుగా కోశాం. రెండున్నర అడుగులకే ఊట తగిలింది. అందుకే ఇంకా లోతుకి పోలేదు. నీళ్లు తోడి, దుంగ దింపి, తీసిన బురదని మళ్లీ వేయకుండా ఇటుక ముక్కలు, ఇసుక పొరలు పొరలుగా వేసి దిమ్మిస కొట్టాం.

గడ పాదాల కింద ఒక్కోదానికి నాలుగేసి తాటి దూలాలు అటూ ఇటూ పేర్చాం. బరువు అడుగున్నర ప్లేటు మీద కాకుండా ఆరడుగుల చదరం మీద పరుచుకుంది. లెవెల్ పైపుతో గంటగంటకీ చూశాం. సాయంత్రానికి రెండు పాదాలకీ తేడా రాలేదు.

బ్యానరు తీయించడం అన్నిటికంటే కష్టమైంది. అందులో దాతల ఫొటోలున్నాయి. కమిటీ పెద్దాయన్ని గేటు దగ్గరికి తీసుకెళ్లి, గాలి వీస్తుండగా తాడు మీద చెయ్యి వేయించాను. ప్రతి విసురుకీ తాడు చేతిలో బిగుసుకోవడం ఆయనకి తెలిసింది. "పిల్ల మీద కాదేంటి ఇది పడేది!" అన్నారు. ఆయనే దగ్గరుండి విప్పించి, రోడ్డు వైపు ప్రవేశ ద్వారం దగ్గర వేరే సరుగుడు గుంజలకి కట్టించారు. లోపలికి వచ్చే ప్రతి ఒక్కరికీ అక్కడే బాగా కనపడింది.

సాయంత్రం 4కి కాటా పరీక్ష. బ్యానరుతో వచ్చిన 160 లెక్కకి రెండింతలు, అంటే 320 కేజీలు పెట్టి ఐదు నిమిషాలు ఉంచాలనుకున్నాను. బ్యానరు లేకపోయినా ఆ అంకె తగ్గించలేదు. మొదటి దుంగ 320కి వెళ్లి, ఐదు నిమిషాల తర్వాత 312 దగ్గర నిలిచింది. మళ్లీ 320కి పెంచి చూస్తే ఇక తగ్గలేదు. దుంగ తన చోటులో సర్దుకుందని అర్థం. రెండు, మూడు కూడా అంతే. నాలుగోది, నైరుతి మూలది, 320లో కదలనే లేదు.

అమ్మాయి ఎక్కే ముందు ఒక ఏర్పాటు చేసుకున్నాం. ఒక్కో తాడు దగ్గర ఒక మనిషి, మేకు పక్కన పుల్ల గుచ్చినట్టే ఇక్కడ వైరు మీద రంగు గుర్తు. గుర్తు వేలి వెడల్పు జరిగితే ఈల. ఈల వినపడితే ఆమె ఉన్నచోటే చుట్టు బిగించుకుని నెమ్మదిగా దిగుతుంది. ఎవరి అనుమతీ అడగదు. ఆమెకి ఏ చిన్న తేడా అనిపించినా ఎడమ చెయ్యి చాస్తుంది, యాంకరు వెంటనే మైకు అందుకుంటాడు. ఐటమ్‌ని చివరికి, 9.15కి జరిపాం. పొద్దుగూకాక సముద్రపు గాలి తగ్గుతుంది. మరీ ఆలస్యమైతే మంచుకి గుడ్డ చెమ్మగిల్లి పట్టు జారుతుంది, 10 గంటల గడువు కూడా ఉంది. మధ్యలో దొరికేది ఆ ముప్పావుగంటే. ఊగే భాగం ఆమె వద్దంది. నేల పట్టుకుంటుందని కాటా చెప్పినా మొదటి రోజు పైన కదిలిన దూలం తన ఒంట్లో ఇంకా ఉందని చెప్పింది. నేను ఒప్పించే ప్రయత్నం చేయలేదు. ఒప్పించి ఎక్కించిన ఆర్టిస్టు సగం మనసుతో చుట్టు వేసుకుంటుంది. ఒక చుట్టు తక్కువ పడితే ఆపడానికి పైన ఎవరూ ఉండరు.

మూడు జారుళ్లూ చేసింది. రంగు గుర్తులు ఎక్కడివక్కడే ఉన్నాయి. ఈల మోగలేదు.

తర్వాత మారినవి

ఇప్పుడు ఏ ఊరు ఒప్పుకున్నా ముందు రోజు నేనో, మా వాళ్లలో ఒకరో వెళ్లి చేను రైతుతో మాట్లాడతాం. పల్లమా మెరకా, వంతు నీళ్లు ఏ రోజు, ఎంత లోతుకి ఊట, పాత కళ్లం గానీ దిబ్బ గానీ ఉందా అని అడుగుతాం. గునపంతో మూడడుగులు గుచ్చి, ఏ లోతుకి తేలికవుతుందో రాసుకుంటాం. గునపం తేలిగ్గా దిగితే ఇప్పుడు నాకు భయం వేస్తుంది. గేటుకి గుడ్డ ముక్క కూడా కట్టకూడదన్న మాట ఒప్పంద కాగితంలో రాయించాం. సొంతంగా ఒక కాటా కొన్నాం. ఆర్టిస్టు ఎక్కనంటే కారణం అడగకుండా ఐటమ్ ఆపాలన్నది కూడా ఆ కాగితంలోనే ఉంది. దానికి యజమాని ఒప్పుకోవడానికి రెండు నెలలు పట్టింది. ఆ రెండు నెలలూ నేను అడుగుతూనే ఉన్నాను.

అన్ని చోట్లా దుంగే మందు అనుకోకూడదు. తర్వాతి వారం నరసాపురం అవతల సముద్రానికి దగ్గర ఊళ్లో ఆడాం. అక్కడ పొడి ఇసుక. గోయి తవ్వుతుంటే గోడలు కూలిపోయాయి. నిలువు గోడ లేకపోతే దుంగ దేనికి ఆనుతుంది? అక్కడ స్టాండు మీద రింగు ఐటమ్‌తోనే సరిపెట్టాం.

ఈ ఊళ్లో నాలుగో రోజు పొద్దున్న దుంగలు తీసే పని పెట్టుకున్నాం. మూడు దుంగలు ట్రాక్టరుతో గంటలో వచ్చాయి. నైరుతి మూలది రాలేదు. చక్రాలు తిరిగిపోతున్నాయి, దుంగ మాత్రం కదలదు. చివరికి వైరు విప్పేసుకున్నాం. దుంగ ఖరీదు ఇస్తానంటే రైతు తీసుకోలేదు. "ఉండనీండి. వేసవిలో కాలవలు కట్టేశాక, నేలారాక నేనే తవ్వుకుంటాలెండి" అన్నాడు.